ఏడో పాయింటు

ఆ ఎండాకాలం పన్నెండు రోజులు నన్నూ మా ఆయన్నీ ఒకే గదిలో పెట్టి తాళం వేశారు. మాటవరసకు అనడం లేదు, నిజం తాళమే. పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపు అది. ఉదయం తొమ్మిదికి తలుపుకి గొలుసు పడుతుంది, సాయంత్రం అయిదుకి తీస్తారు. ఫోన్లు గుడ్డసంచీలో వేసి టోకెన్ తీసుకోవాలి. బయటివాళ్ళు లోపలికి చూడకుండా కిటికీ అద్దాలకు పాత న్యూస్‌పేపర్లు అంటించారు. దాంతో బయట ఎండ మండిపోతోందో మబ్బు పట్టిందో మాకూ తెలిసేది కాదు. మధ్యలో బయటికి వెళ్ళాలంటే ఆ టేబుల్ చీఫ్ సంతకం చేసిన చీటీ ఉండాలి. మా టేబుల్‌కి చీఫ్ మా ఆయన. అంటే నేను బాత్రూముకి వెళ్ళాలన్నా మొగుడి సంతకం కావాలన్నమాట.

"మేడమ్‌కి ఇంట్లో కూడా చీటీ రాసిస్తారా సార్?" అనేవాడు కట్టలాయన. పేపర్ల కట్టలు మోసుకొచ్చి టేబుళ్ళకు పంచడం అతని పని.

"ఇంట్లో చీటీ ఎందుకయ్యా, కనుసైగ చాలు" అనేదాన్ని. చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు పడీపడీ నవ్వేవారు. మా ఆయన కూడా నవ్వేవారు, పెన్ను ఆపకుండా.

మేమిద్దరం కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాం. భార్యాభర్తలు ఒకే టేబుల్ దగ్గర కూర్చోకూడదని రూలుంది. కానీ అన్ని కాలేజీలూ కలిపి ఆ సబ్జెక్టు చెప్పేవాళ్ళం తొమ్మిదిమందిమి. లెక్కలవాళ్ళకి రెండు హాళ్ళు, మాకు రెండు టేబుళ్ళు. రూలు పట్టుకుని కూర్చుంటే దిద్దే దిక్కుండదని ఆఫీసువాళ్ళే చూసీచూడనట్టు వదిలేశారు. క్యాంపులో నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను మేడమ్ అంటారు. మెట్లు దిగాక మళ్ళీ మామూలే, నేను ‘ఏవండీ’, ఆయన ‘ఇదిగో’.

నేను ఎర్ర పెన్నుతో దిద్దుతాను. నేను దిద్దినవాటిలో పదింటికి ఒకటీ, సరిగ్గా పాసు మార్కు దగ్గర ఆగినవన్నీ ఆయన ఆకుపచ్చ పెన్నుతో మళ్ళీ చూస్తారు. మార్కు మారిస్తే పక్కన నేను పొట్టి సంతకం పెట్టాలి, ఒప్పుకున్నట్టు. పేపరు నా వైపు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ వేలు ఆనించి "ఇక్కడ" అంటారు. ఆ వేలు పందొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. పై చదువుకి దూరాన నాకు వచ్చిన సీటు వద్దని రాసిన ఉత్తరం మీద కూడా ఆ వేలు ఆనించిన చోటే సంతకం పెట్టాను. ఆయన చెడ్డమనిషి కాదు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచి ఎరుగరు. పెంచాల్సిన అవసరం నేనే రానివ్వలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, ఇక్కడ ఆ గైడు సంగతి చెప్పక తప్పదు.

పెళ్ళయిన కొత్తలో ఒక పుస్తకాల షాపాయన వచ్చి మా ఆయన్ని పరీక్ష గైడు రాయమన్నాడు. అన్ని పాఠాలూ ఆయన రాశారు. ఆఖరిది, ‘తత్వశాస్త్ర ప్రయోజనం’, నాకు వదిలేశారు. పధ్నాలుగు మార్కుల ప్రశ్న కాబట్టి ఏడు పాయింట్లు ఉండాలి. వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని ఆరు రాశాను. ఆలోచనకు పదును పెడుతుంది, మూఢనమ్మకాలు పోగొడుతుంది, అలాంటివి. ఏడోది తట్టలేదు. స్టవ్ మీద పాలు పొంగుకొస్తున్నాయి. "ఇదిగో, ఏడోది అయిందా? షాపాయన కూర్చున్నాడు" అని ముందుగదిలోంచి కేక. ఒక చేత్తో స్టవ్ కట్టేసి, రెండో చేత్తో రాసేశాను: తత్వశాస్త్రం మనిషికి తాను నమ్మినట్టు బతికే ధైర్యాన్ని ఇస్తుంది. నమ్మి రాయలేదు, నమ్మకుండానూ రాయలేదు. లెక్క సరిపోవాలని రాశాను.

ఆయన చదివి, "ఇదొక్కటి చాలు, మిగతా ఆరూ దండగ" అన్నారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ పూటంతా గాల్లో తేలాను.

గైడు మీద మా పేర్లు ఉండవు. ‘అనుభవజ్ఞులైన అధ్యాపకులచే’ అని ఉంటుంది. గైడ్లు రాసినవాళ్ళు క్యాంపులో అడుగు పెట్టకూడదు మరి. మేమెవరమూ ఏ గైడూ రాయలేదని ప్రతి ఏడూ ఇద్దరం కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిన చందం. ఆ గైడు ఎంత పాకిందంటే, కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్ళూ అదే చెప్పారు, పిల్లలూ అదే కంఠస్థం పట్టారు. మార్కులు ఎలా వేయాలో చెప్పే ‘కీ’ తయారుచేయమని ఆఫీసు మా ఆయనకి అప్పగిస్తే, ఆయనా అందులోంచే తీసి రాశారు. వీడ్కోలు సభల్లో ఆ ఏడో వాక్యం చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికేది.

ఆ ఏడాది పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. వదిలేయడానికి వీల్లేని ప్రశ్న.

రోజుకి నలభై పేపర్లు. నలభైసార్లు నా వాక్యం. గుండ్రటి రాతలో, కోడి గీకినట్టున్న రాతలో, కింద రెండు గీతలు కొట్టి. ఒకరైతే ‘నమ్మినట్టు’ బదులు ‘నమ్మించినట్టు’ బతికే ధైర్యం అని రాశారు. అదే నిజానికి దగ్గరగా ఉందనిపించి రెండు మార్కులూ వేశాను. మొదటి రెండు రోజులు నవ్వొచ్చింది. నాలుగో రోజునుంచి ఆ వాక్యం కనిపించగానే కళ్ళు పక్కకు తిప్పి టిక్కు పెట్టేదాన్ని.

"ఏం అమ్మాయ్, మొహం అలా పీక్కుపోయింది?" అంది ఆ సాయంత్రం అత్తయ్య. కాళ్ళు చాపుకుని బాల్కనీలో కూర్చుని ఉంది. ఆవిడకి డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తాయి, నోరు మరీనూ.

"నేను వండింది నాకే వడ్డిస్తున్నారత్తయ్యా, రోజుకి నలభైసార్లు."

"చేసుకున్నవారికి చేసుకున్నంత" అని నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వాపింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆ పేపరు వచ్చింది. పేపర్ల మీద పేర్లు ఉండవు, చారల కోడ్ ఉంటుంది. రాసింది అబ్బాయో అమ్మాయో తెలియదు. నేను మాత్రం అమ్మాయనే అనుకున్నాను. ఆరు పాయింట్లు గైడులో ఉన్నవి ఉన్నట్టే రాసింది. తర్వాత ఒక లైను ఖాళీ వదిలి, ఇలా రాసింది:

‘ఏడో పాయింటు నాకు వచ్చు. తత్వశాస్త్రం నమ్మినట్టు బతికే ధైర్యం ఇస్తుందని. కానీ నాకు ఇవ్వలేదు. మూడేళ్ళు చదివాను. ఇంట్లో నాకు ఇష్టం లేనివాటికి ఇప్పటికీ సరే అంటున్నాను. ఇదివరకు సరే అన్నాక నిద్ర పట్టేది. ఇప్పుడు పట్టడం లేదు. తత్వశాస్త్రం నాకు చేసింది ఇంతే. దీన్ని ప్రయోజనం అనవచ్చో లేదో దిద్దేవారే చెప్పాలి. నమ్మనిది కనీసం ఈ ఒక్కచోట రాయకూడదని అనుకున్నాను.’

రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకు మాత్రం జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఎవరో నా ఇంట్లోకి వచ్చి, నా మంచం మీద కూర్చుని, నా గురించి నాకే చెప్పినట్టయింది. రెండు మార్కులు వేశాను. మొత్తం కూడితే సరిగ్గా ముప్ఫై అయిదు. పాసు. పాసు మార్కు దగ్గర ఆగింది కాబట్టి పేపరు ఆకుపచ్చ పెన్ను దగ్గరికి వెళ్ళింది.

ఆయన చదివారు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు.

"మేడమ్, ఏడో పాయింటు లేదు."

"ఉంది సార్. వేరేది ఉంది."

"కీలో లేదు కదా." రెండు కొట్టేసి సున్నా వేశారు. మొత్తం ముప్ఫై మూడు అయింది. పేపరు నా వైపు జరిపి వేలు ఆనించారు. "ఇక్కడ."

నా పెన్ను లేవలేదు. నేను ఆపాననుకోను, అది లేవలేదంతే.

"మేడమ్."

"రేపు చూస్తాను సార్."

పందొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాట వినలేదు. పక్క టేబుల్‌వాళ్ళు తల ఎత్తేలోపు పేపరుని కట్ట అడుగున దోపేశారు. సంతకం పడందే ఆ కట్ట బయటికి పోదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా పోవాలి.

ఆ సాయంత్రం బాల్కనీలో, అత్తయ్య ఎదుటే ఆయన మొదలుపెట్టారు.

"ఒక్క పేపరు కోసం ఇంత పంతమా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఏడాదికి ఇలాంటిది ఒకటి తగులుతూనే ఉంటుంది. మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష ఉంది, రాసుకుంటుంది."

"ఆ పిల్ల నిజం రాసిందండీ."

"మిగతా వందలమంది కష్టపడి చదివి రాశారు. చదివి కూడా రాయనని మొండికేసినందుకు వాళ్ళతో సమానంగా వేయమంటావా? అది న్యాయమా?" ఆయన గొంతు తగ్గించారు. "ప్రిన్సిపాల్ పోస్టుకి ఈసారి నా పేరు పైన ఉంది. ఇప్పుడు కీ మీద గొడవ లేచిందనుకో, ఆ కీ ఎక్కడిదని తవ్వుతారు. తవ్వితే గైడు, గైడు తవ్వితే మనం. నీకు తెలియనిది కాదు."

అత్తయ్య అడ్డం వచ్చింది. "ఒరేయ్, ఇంతకీ ఆ పిల్ల రాసింది అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా. కీలో లేదు."

"మరి కీలో ఉన్నది నిజమా?"

"నీకు తెలియదులే అమ్మా." నా వైపు తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. "ఆ వాక్యం నువ్వు రాసిందే కదా. నమ్మే రాశావు కదా?"

పందొమ్మిదేళ్ళుగా ఆయన చప్పట్లు కొట్టించుకున్న మాట అది. ఏమని చెప్పను? ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"అప్పుడు స్టవ్ మీద పాలు పొంగుతున్నాయండీ" అన్నాను.

ఆయన చెంబు తీసుకుని కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోశారు. పొద్దునే పోసిన కుండీలకే మళ్ళీ పోశారు. నీళ్ళు అంచులు దాటి బాల్కనీ అంతా పారాయి. అత్తయ్య కాళ్ళు పైకి పెట్టుకుంది.

మర్నాడు పదకొండున్నరకి కట్టలాయన పురికొస పట్టుకుని మా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. మా ఆయన పేపరు తీసి నా ముందు పెట్టారు. వేలు ఆనించారు. "ఇక్కడ."

"తేడా ఫారం ఇప్పించండి సార్" అన్నాను.

చీఫ్ మార్చిన మార్కుకి ఒప్పుకోకపోతే నింపే ఫారం అది. రూల్సు పుస్తకంలో ఉంది గానీ ఎవరూ వాడగా చూడలేదు. క్యాంపు ఆఫీసరుకే అది ఎక్కడుందో తెలియదు. రెండు బీరువాలు వెతికి, తుప్పు పట్టిన పిన్నుతో గుచ్చిన కట్ట తెచ్చి, "ఎందుకమ్మా ఇదంతా, ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకోకపోయారా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఒక్కొక్కరే ఆపేశారు.

ఫారంలో కోడ్ నంబరు రాశాను. ప్రశ్న నంబరు రాశాను. చివర ఒక గడి ఉంది. ‘కీలోని అంశం సరికాదని భావిస్తే, ఆధారం’. ఆ గడి దగ్గర ఆగాను. స్వతంత్రంగా ఆలోచించి రాసిన జవాబు అని రాసి ఊరుకోవచ్చు. దాన్ని ఒక్క నిమిషంలో కొట్టేస్తారు. ఆధారం నా దగ్గర ఒక్కటే ఉంది. రాశాను: ‘కీలోని ఏడో అంశం గైడులోది. గైడులో ఆ వాక్యం రాసింది నేనే. రాసినప్పుడు అది నిజమో కాదో నాకు తెలియదు. ఈ జవాబు చదివాక తెలిసింది.’

కింద ‘చీఫ్ చూసినట్టు సంతకం’ అని ఒక గీత ఉంది. ఫారం ఆయన వైపు జరిపాను. ఆ గీత మీద వేలు ఆనించాను.

"ఇక్కడ సార్."

ఆయన చదివారు. చాలాసేపు చదివారు, అక్కడున్నవి నాలుగు వాక్యాలే. చింపేస్తారనుకున్నాను. చింపినా నేను మళ్ళీ అడిగేదాన్ని కాదేమో, నా బలం అంతవరకే. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆకుపచ్చ పెన్నుతో సంతకం పెట్టి, పెన్ను మూత బిగించారు.

"చీటీ కావాలి సార్" అన్నాను. నాకు ఏడుపు వస్తోంది. దానికీ సంతకం పెట్టి ఇచ్చారు. బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు క్యాంపు గుమ్మం దగ్గర లిస్టులో మా పేర్లు లేవు. టోకెన్ల కుర్రాడు గుడ్డసంచీ వెనక్కి లాక్కుని, "మీవి తీసుకోవద్దన్నారండీ" అన్నాడు. ఎంక్వయిరీ అయింది. ఇద్దరినీ క్యాంపులకు శాశ్వతంగా రానివ్వద్దని రాశారు. షాపుల్లోంచి గైడు తీయించేశారు. ప్రిన్సిపాల్ పోస్టు ఆయన కింద పనిచేసిన మనిషికి వెళ్ళింది. నెల తర్వాత ఆ పేపరు సంగతి తేలుస్తూ నాకొక ఉత్తరం వచ్చింది, రెండే లైన్లు: కీ ఎవరు రాసినా కీ కీయే, చీఫ్ మార్పు సరైనదే, మార్కులు ముప్ఫై మూడు.

ఇంత చేసీ ఆ పిల్లకి నేను రెండు మార్కులు తేలేకపోయాను. ఎవరికేం ఒరిగింది? ఆ వేసవి మిగిలిన రోజులన్నీ మా ఇల్లే క్యాంపయింది. ఎండకి పరదాలు దించి ముగ్గురం లోపల. నలుగురూ ఏమంటున్నారోనని ఆయన గడప దాటేవారు కాదు. ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్ళలేక నేనూ దాటేదాన్ని కాదు. గొలుసు లేదు, తాళం లేదు, చీటీ అడిగేవారు లేరు. అయినా ఎవరం కదలలేదు. తిట్టినా బాగుండేది, ఆయన తిట్టలేదు. కంచం ముందు కూర్చుని "ఉప్పు" అనేవారు, "చాలు" అనేవారు. ఆ రెండు మాటలతో నలభై రోజులు గడిచాయి. నేను చేసింది తప్పని ఒక్కసారి కూడా అనుకోలేదు. కానీ ఆయన వంగిన వీపు చూసినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

"నీ పక్కన నేనున్నాను అమ్మాయ్" అని అత్తయ్య వంటింట్లో గొణిగేది. ముందుగదిలోకి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని, "నీ పక్కన నేనున్నాన్రా" అని గొణిగేది. రెండూ నిజమే.

వానలు పడ్డాక, తప్పినవాళ్ళకి పెట్టిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సాయంత్రం న్యూస్‌పేపరులో నంబర్లు వేశారు. మా కోడ్‌లకీ ఆ నంబర్లకీ సంబంధం ఉండదని తెలిసీ, బాల్కనీలో కూర్చుని ఆ వరసల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఆయన ఇవతల కుర్చీలో ఉన్నారు.

"ఆ పిల్ల కోసమేనా?" అంది అత్తయ్య. "మళ్ళీ రాసి పాసయ్యే ఉంటుందిలే. బెంగపెట్టుకోకు."

"పాసయ్యే ఉంటుంది అత్తయ్యా" అన్నాను. "ఈసారి ఏడూ రాసి ఉంటుంది."

అత్తయ్యకి అర్థం కాలేదు, మంచిదేగా అన్నట్టు చూసింది. ఆయనకి అర్థమైంది. కుర్చీ చప్పుడైంది. లోపలికి వెళ్ళిపోయారనుకున్నాను. ఒక తెల్లకాగితమూ అట్టా పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. జేబులోంచి మామూలు నీలం పెన్ను తీశారు.

"ఆ పిల్ల రాసింది నీకు మొత్తం గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

చెప్పాను. ఆగి ఆగి, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆయన రాసుకున్నారు. ‘ఇదివరకు సరే అన్నాక నిద్ర పట్టేది’ అన్నచోట పెన్ను ఆపి, తల ఎత్తకుండానే, "నీకూనా?" అన్నారు.

"నాకూనండీ."

తలాడించి మిగతాది రాశారు. అంతా అయ్యాక పక్కన ఖాళీలో రెండు అని వేసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు. కాగితాన్ని నా వైపు జరిపారు. ఈసారి వేలు ఎక్కడా ఆనించలేదు.